గోదావరి డెల్టా నుంచి రేస్ ట్రాక్‌కు: చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను సిద్ధం చేసుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో కారును దాని సత్తా మేరకు నడపడానికి తగిన చోటు లేదు. ధవళేశ్వరం దిగువన ఊరికీ ఊరికీ మధ్య ఉన్న రోడ్లలో ఎక్కువ భాగం కాలవగట్ల మీదే సాగుతాయి. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు చేను, కోతల కాలంలో రోడ్డు సగం మేర ఆరబోసిన ధాన్యం, చీకటి పడితే దీపాల్లేని ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఇలాంటి దారుల మీద వేగాన్ని పరీక్షించడం మన ప్రాణానికే కాదు, ఎదుటివారి ప్రాణానికీ ముప్పు. వేగంగా నడపాలనే కోరిక నిజంగా ఉన్నవారు రేస్ ట్రాక్‌కే వెళ్లాలి. మనకు అందుబాటులో ఉన్న పెద్ద సర్క్యూట్ చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆధ్వర్యంలోని ఈ ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. రాజమహేంద్రవరం నుంచి అక్కడికి సుమారు 600 కిలోమీటర్లు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే కూడా మంచిదే, చిన్న కార్లకు బాగా నప్పే ఇరుకు మలుపుల ట్రాక్, కానీ మనకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది.

ఈ 600 కిలోమీటర్ల దూరమే మన తయారీ మొత్తాన్ని నిర్ణయించాలని నా గట్టి అభిప్రాయం. కారును లారీ మీద ఎక్కించి పంపే స్తోమత మనలో చాలామందికి ఉండదు. అదే కారు మనల్ని అక్కడికి తీసుకువెళ్లాలి, రోజంతా ట్రాక్ మీద పరుగెత్తాలి, మళ్లీ ఇంటికి చేర్చాలి, ఆ మర్నాడు పిల్లల్ని బడిలో దించాలి. కాబట్టి ఏ మార్పు చేయబోయినా ముందు వేసుకోవలసిన ప్రశ్న, అది కారును ఎంత వేగవంతం చేస్తుందన్నది కాదు. తిరుగు ప్రయాణంలో అది నన్ను నడిరోడ్డు మీద నిలబెడుతుందా అన్నది.

బరువు ఎందుకు ముఖ్యం

డ్రైవరుతో, పెట్రోలుతో కలిపి వెయ్యి కిలోలు తూగే కారును గంటకు 140 కిలోమీటర్ల వేగం నుంచి 70కి తగ్గించాలంటే బ్రేకులు సుమారు 5.7 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. గది ఉష్ణోగ్రతలో ఉన్న రెండు లీటర్ల నీళ్లను మరిగించడానికి దాదాపు అంతే వేడి కావాలి. అంత వేడీ మూడు నాలుగు సెకన్లలో పుడుతుంది, అందులో ఎక్కువ భాగాన్ని ముందు చక్రాల రెండు డిస్కులే భరిస్తాయి, పైగా ప్రతి చుట్టులోనూ ఇలా పలుమార్లు జరుగుతుంది. అదే పని పదిహేను వందల కిలోల ఎస్‌యూవీతో చేస్తే వేడి ఒకటిన్నర రెట్లవుతుంది. టైర్ల అరుగుదల, ఇంజను మీద పడే శ్రమ, బేరింగుల ఆయుష్షు, అన్నిటికీ ఇదే లెక్క వర్తిస్తుంది. తేలిక కారు తక్కువ ఖర్చుతో ఎక్కువ చుట్లు తిరుగుతుంది. నేర్చుకునేవారికి చుట్ల సంఖ్యే అసలు సంపద.

కారును ఎంచుకోవడం

2018లో వచ్చిన మూడో తరం మారుతి స్విఫ్ట్ పెట్రోలు కారు 900 కిలోల లోపే తూగుతుంది. దాని 1.2 లీటర్ల ఇంజను 80 పైచిలుకు హార్స్‌పవర్ ఇస్తుంది, ఏ పల్లెటూరి షెడ్డులోనైనా దానికి సామాను దొరుకుతుంది. దానికి ముందు తరం స్విఫ్ట్ కొంత బరువైనా చౌకగా వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలోలో 1.0 టీఎస్‌ఐ ఇంజను ఉన్నది బలమైన కారే, కానీ బరువు వెయ్యి కిలోలు దాటుతుంది, సామాను ఖరీదెక్కువ, టర్బో వల్ల వేడీ ఎక్కువ. 2017లో వచ్చిన బాలెనో ఆర్‌ఎస్‌కు టర్బో ఇంజనుతోపాటు వెనక కూడా డిస్కు బ్రేకులుంటాయి, మంచి స్థితిలో దొరికితే వదులుకోవద్దు. డీజిలు కారు జోలికి మాత్రం వెళ్లకండి. ముందు చక్రాలతో నడిచే కారుకు సహజంగానే ముక్కు బరువు, డీజిలు ఇంజను దానికి మరికొంత చేరుస్తుంది. ఏ కారైనా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నదే తీసుకోవాలి.

పాత కారును డెల్టాలోనే కొంటున్నప్పుడు తుప్పును, వరదను తప్పనిసరిగా దృష్టిలో పెట్టుకోవాలి. 2022 జులైలో గోదావరికి వచ్చిన పెద్ద వరద లంక గ్రామాలను ముంచెత్తింది. అలా మునిగిన కారును పైకి ఎంత మెరిపించినా, సీటు కింది పట్టాలను, తివాచీ కింద పలకల అతుకులను టార్చిలైటుతో చూస్తే ఒండ్రు పొడి బయటపడుతుంది. ఇక ఉప్పాడ, అంతర్వేది వైపు సముద్రపు గాలికి, భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువుల గట్ల మీది ఉప్పునీటికి అలవాటుపడిన కార్లలో తుప్పు కింది నుంచి మొదలవుతుంది. కారును లిఫ్టు మీద ఎత్తించి, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్ములు బిగించే చోట్లు, వెనక యాక్సిల్ బీమ్ బుష్‌ల చుట్టూ, జాకీ పెట్టే అంచులు, ముఖ్యంగా వెనక చక్రాలకు వెళ్లే ఇనుప బ్రేకు గొట్టాలు చూడాలి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కినప్పుడు పొరలుగా రాలితే ఆ కారు ఎంత చౌకగా వచ్చినా వద్దు.

మొదటి ఖర్చు బ్రేకుల మీదే

హార్స్‌పవర్ మీద పెట్టాలనుకున్న డబ్బును బ్రేకుల మీదికి మళ్లించండి. ముందుగా బ్రేక్ ఆయిల్ సంగతి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కు అవి 230, 155. డాట్ 5.1కు 260, 180. ఏడాది పొడవునా గాలిలో తేమ నిండి ఉండే కోనసీమలో రెండేళ్లు మార్చని బ్రేక్ ఆయిల్‌ను కొత్తదానితో సమానంగా నమ్మలేము. ట్రాక్ మీద కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) వేడికి ఆ ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది, అందువల్ల పెడల్ అడుక్కి వెళ్లినా బ్రేకు పట్టదు.

ట్రాక్ రోజుకు ముందు పదిహేను రోజుల లోపు కొత్త డాట్ 4 గానీ, కారు కంపెనీ అనుమతిస్తే డాట్ 5.1 గానీ పోయించండి. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉన్నా దాన్ని ఈ కార్లలో వాడకూడదు. అప్పుడే మూత తీసిన డబ్బానే వాడాలి. షెడ్డులో నెలల తరబడి మూత వదులుగా ఉన్న డబ్బా మీకు వద్దు. పాత ఆయిల్ తీసేటప్పుడు దగ్గర ఉండి చూడండి. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కు తొడిగిన సన్నని గొట్టంలో మొదట టీ డికాక్షన్ రంగు ద్రవం వస్తుంది, క్రమంగా అది పలచబడి కొత్త ఆయిల్ రంగులోకి తిరుగుతుంది, నడుమ గాలి బుడగలు కనిపిస్తాయి. నాలుగు చక్రాల వద్దా రంగు తిరిగి, బుడగలు పూర్తిగా ఆగేదాకా పని ముగిసినట్లు కాదు. ఒకరు పెడల్ తొక్కుతూ ఒకరు నిపుల్ విప్పుతూ చేసే పాత పద్ధతి చాలు, పై డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా మూడో మనిషి చూసుకుంటే చాలా మేలు.

బ్రేకు ప్యాడ్లు కనీసం సగానికి పైగా మందం ఉన్నప్పుడే బయలుదేరాలి. వేడిని తట్టుకునే సెమీ మెటాలిక్ ప్యాడ్లు దొరికితే వేయించుకోండి. చల్లగా ఉన్నప్పుడు వాటి నుంచి కాస్త చప్పుడు వచ్చినా పరవాలేదు. కానీ చల్లగా ఉండగా పట్టని అసలు సిసలు రేసింగ్ ప్యాడ్లు మనకు పనికిరావు, తెల్లవారుజామున జాతీయ రహదారి మీద గేదె అడ్డొస్తే మొదటి తొక్కుకే కారు ఆగాలి. వెనక డ్రమ్ము బ్రేకులను డిస్కులుగా మార్పించే ఆలోచన మానుకోండి. చిన్న కారులో వెనక బ్రేకుల పని తక్కువ, ఆ మార్పు ముందు వెనకల సమతూకాన్ని చెడగొడుతుంది. డ్రమ్ములు విప్పించి దుమ్ము దులిపి, లోపలి బ్రేకు షూలు సరిచేయిస్తే సరిపోతుంది.

టైర్లు, అలైన్‌మెంటు

టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైనదని అర్థం. గుబ్బలు ఎంత మిగిలి ఉన్నా, ఐదేళ్లు దాటి గట్టిపడిన టైర్లతో ట్రాక్‌కు వెళ్లవద్దు. మొదటి రెండు మూడుసార్లకు మంచి కంపెనీ మామూలు టైర్లే మేలు. అవి పట్టు కోల్పోయే ముందు కీచుమంటూ హెచ్చరిస్తాయి, జారడం నిదానంగా మొదలవుతుంది, నేర్చుకునేవారికి ఆ వ్యవధి కావాలి. రిమ్ములను 17 అంగుళాలకు పెంచితే బరువు పెరగడం తప్ప ఒరిగేది లేదు. స్విఫ్ట్‌కు 15 అంగుళాల చక్రాలే సరైనవి.

ట్రాక్ మీద వేడికి టైరులో గాలి పీడనం ఐదారు పీఎస్‌ఐ పెరగడం మామూలే. కనుక చల్లగా ఉన్నప్పుడు 30 దగ్గర మొదలుపెట్టి, నాలుగైదు చుట్లయ్యాక లోపలికి వచ్చిన వెంటనే కొలిచి, ముందు టైర్లను 35, 36 దగ్గరికి దించండి. వెనక టైర్లలో ఒకటి రెండు పీఎస్‌ఐ ఎక్కువ ఉంచితే కారు ముక్కు కొంచెం సులువుగా తిరుగుతుంది. పీడనం సరిపోయిందో లేదో చెప్పడానికి సుద్దముక్క చాలు. సెషన్ (ట్రాక్ మీద నడిపే ఒక్కో విడత) మొదలయ్యేలోపే ముందు టైరు అంచున, తొక్కే భాగం నుంచి పక్కగోడ మీదికి రెండు మూడు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. తిరిగివచ్చాక చూస్తే తొక్కే భాగం మీది సుద్ద పూర్తిగా చెరిగి ఉంటుంది. చెరుగుడు అంచు మూల దగ్గర ఆగితే గాలి సరిగ్గా ఉంది. గీత పక్కగోడ మీద కూడా చెరిగితే టైరు ఒరిగిపోతోంది, గాలి పెంచాలి. మూలకు చాలా ముందే సుద్ద మిగిలిపోతే గాలి ఎక్కువైంది.

ముందు చక్రాలకు కొద్దిగా నెగటివ్ క్యాంబర్ ఇస్తే, అంటే చక్రం పైభాగాన్ని లోపలికి వంచితే, మలుపులో టైరు పూర్తిగా నేలకు ఆనుతుంది. ఈ కార్లలో దాన్ని సరిచేసే ఏర్పాటు కంపెనీ నుంచి రాదు. స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్సార్బరు కలిసి ఉండే నిలువు భాగం) కింది బోల్టుల్లో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్టు వేస్తే ఒక డిగ్రీ పైన దొరుకుతుంది. మొత్తం మీద ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీల మధ్య ఉంచి, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సున్నాకు తెప్పించండి. టో తేడాగా ఉంటేనే 1200 కిలోమీటర్ల రానుపోను ప్రయాణంలో టైరు లోపలి అంచు తినేస్తుంది, క్యాంబర్ ఒక్కదాని వల్ల అంత నష్టం ఉండదు. కారును బాగా కిందికి దించే స్ప్రింగులు వేయించకండి. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారును మితిమీరి దించితే లోయర్ ఆర్ము అడ్డురేఖను దాటి పైకి లేస్తుంది, దాంతో మలుపులో చక్రం వాలు చెడిపోయి పట్టు పెరగకపోగా తగ్గుతుంది. పైగా మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద అలాంటి కారు గీసుకుపోకుండా దాటలేదు. అరిగిన షాకబ్సార్బర్లు, చిట్లిన బుష్‌లు, వదులైన లింక్ రాడ్లు మార్పిస్తే అదే సగం సస్పెన్షన్ పని.

రేడియేటరు, ఆయిల్

సార్వా, దాళ్వా కోతల తర్వాత డెల్టాలో నడిచిన ఏ కారు ముందు జాలి తీసినా ఊక, గడ్డి నలుసులు, ఎండిన పురుగులు దట్టంగా పేరుకుని కనిపిస్తాయి. ఊరి ప్రయాణాల్లో ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ ఇంజను తన శక్తిలో కొద్ది భాగమే వాడుతుంది. ట్రాక్ మీద పూర్తి థ్రాటిల్‌తో (యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి) ఇరవై నిమిషాలు నడిస్తే, చెత్త అడ్డుపడిన రేడియేటరు రెక్కల వల్లే ఉష్ణోగ్రత ఎక్కుతుంది. ముందు బంపరు విప్పించి, ఏసీ కండెన్సరునూ రేడియేటరునూ లోపలి వైపు నుంచి బయటికి మెల్లని నీటి ధారతో కడిగించండి. ప్రెషర్ పంపు నేరుగా కొడితే సన్నని రెక్కలు వంగిపోతాయి. కూలెంటు మార్పించి, రబ్బరు గొట్టాలు, క్లిప్పులు చూపించండి. ఇంజను ఆయిల్ కొత్తది పోయించి మట్టాన్ని డిప్‌స్టిక్ పై గీత వరకూ ఉంచాలి. సుదీర్ఘమైన మలుపులో ఆయిల్ ఒక పక్కకు తోసుకుపోయినప్పుడు మట్టం తక్కువైతే పంపుకు ఆయిల్ అందదు.

బీమా, చట్టం

మామూలు మోటారు బీమా పాలసీల్లో వ్యవస్థీకృత రేసింగు, వేగ పరీక్షలకు రక్షణ ఉండదు. ట్రాక్ మీద గోడకు తగిలితే ఆ ఖర్చు మీదేనన్న ఎరుకతోనే బయలుదేరాలి. ఆ ఖర్చు భరించలేని కారును ట్రాక్ మీదికి తీసుకువెళ్లవద్దు. ఆర్‌సీలో నమోదైన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది, బహిరంగ రహదారి మీద పందేలను 189వ సెక్షను శిక్షిస్తుంది.

సీటు, సాధన

సీటును ముందుకు జరిపి, వీపు పూర్తిగా ఆనించి, మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనేలా కూర్చోవాలి. బెల్టును గట్టిగా లాగి లాక్ చేసి, ఆపై సీటును ఒక మెట్టు ముందుకు జరిపితే శరీరం కదలదు. సరైన బకెట్ సీటూ, మెడ రక్షణా లేకుండా నాలుగు పట్టీల బెల్టు వేసుకోవడం కారుతో వచ్చే మూడు పట్టీల బెల్టు కన్నా ప్రమాదకరం. రోడ్డు కారులో రోల్ కేజ్ (లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం) కూడా అంతే. హెల్మెట్ లేని తలకు ఆ ఇనుప గొట్టమే దెబ్బ అవుతుంది.

ఊళ్లో చేయదగిన సాధన ఒకటుంది. తెలిసినవారి రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగా ఉన్న రోజున, యజమాని అనుమతితో, మనుషులెవరూ లేకుండా చూసుకుని, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పూర్తి బలంతో తొక్కి ఏబీఎస్ పాదం కింద ఎలా కొట్టుకుంటుందో అలవాటు చేసుకోండి. చాలామంది జీవితంలో ఒక్కసారైనా బ్రేకును పూర్తిగా తొక్కి ఉండరు. ఆ అనుభవం మొదటిసారి ట్రాక్ మీద 140 వేగంలో ఎదురుకాకూడదు.

ప్రయాణం, ట్రాక్ రోజు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు, ఏప్రిల్ దాటాక ఎండలు. సంక్రాంతి తర్వాతి రెండు నెలలు అన్నివిధాలా అనుకూలం. ట్రాక్ రోజుకు ముందురోజు తెల్లవారుజామున బయలుదేరి, 16వ నంబరు జాతీయ రహదారి మీద నెమ్మదిగా వెళ్లి, రాత్రి శ్రీపెరుంబుదూరులో నిద్రపోవాలి. రాత్రంతా నడిపి ఉదయం నేరుగా ట్రాక్ ఎక్కేవారిని నేను గట్టిగా వారిస్తాను.

ట్రాక్ దగ్గర కారులోని సామానంతా టార్పాలిన్ మీద దించేయండి. స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, అన్నీ దిగాలి. పెట్రోలు లెక్క ముందే వేసుకోండి. రెండున్నర నిమిషాలకు ఒక చుట్టు అనుకుంటే ఇరవై నిమిషాల సెషన్‌కు ఎనిమిది చుట్లు, అంటే 30 కిలోమీటర్లు. నాలుగు సెషన్లకు 120. పూర్తి థ్రాటిల్ మీద లీటరుకు ఆరు కిలోమీటర్లు వచ్చినా 20 లీటర్లు కావాలి. చక్రాల నట్లను కారు పుస్తకంలో రాసిన బిగింపుకు టార్క్ రెంచితో సరిచూసి, ప్రతి సెషన్ తర్వాతా మళ్లీ చూడండి. జెండాల అర్థాలు కంఠతా రావాలి. పసుపు జెండా కనిపిస్తే ముందున్న ప్రమాదాన్ని ఊహించి వేగం తగ్గించి, ఎవరినీ దాటకూడదు. ఎరుపు కనిపిస్తే సెషన్ ఆగిపోయినట్లే. నీలం కనిపిస్తే వెనక వేగమైన కారు ఉంది, దారివ్వాలి.

ముందు చక్రాలతో నడిచే కారు నడిపే తీరును ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. ఆ కారులో ముందు టైర్లే బ్రేకు బరువులో ఎక్కువ భాగం మోస్తాయి, అవే తిప్పుతాయి, అవే లాగుతాయి. వాటి పట్టు ఒక హద్దు వరకే ఉంటుంది, ఆ పట్టును మూడు పనులూ పంచుకోవాలి. అందుకే మలుపుకు ముందు కారు తిన్నగా వెళ్తున్నప్పుడే బ్రేకు పనిని దాదాపు ముగించి, స్టీరింగు తిప్పడం మొదలయ్యాక పెడల్‌ను ఒక్కసారిగా వదలకుండా క్రమంగా వదలండి. ఆ కొద్దిపాటి బ్రేకు, కారు బరువును ముందు టైర్ల మీద నిలిపి ముక్కును లోపలికి తిప్పుతుంది. తర్వాత ఓపిక పట్టాలి. మలుపు లోపలి అంచును మామూలుగా అనిపించే చోటు కన్నా ఆలస్యంగా తాకండి. స్టీరింగును వెనక్కి విప్పడం మొదలయ్యే దాకా థ్రాటిల్ జోలికి వెళ్లకండి. తొందరపడి తొక్కితే బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది, రెండు చక్రాలకూ శక్తిని పంచే ఓపెన్ డిఫరెన్షియల్ వల్ల శక్తి అంతా ఆ చక్రం వద్దే వృథా అవుతుంది, కారు మలుపు బయటికి కొట్టుకుపోతుంది. అలా ముక్కు తిరగనప్పుడు స్టీరింగును ఇంకా తిప్పడం అందరూ చేసే పని, అది పరిస్థితిని ఇంకా దిగజారుస్తుంది. థ్రాటిల్ కొద్దిగా తగ్గించి, స్టీరింగు కొంచెం విప్పి, టైరు మళ్లీ పట్టు అందుకునేదాకా ఆగాలి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది. వేగమైన మలుపు నడుమ భయపడి థ్రాటిల్‌ను ఒక్కసారిగా వదిలితే బరువంతా ముందుకు దూకి వెనక టైర్లు తేలికపడి తోక బయటికి జారుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే కారు గిర్రున తిరగడం దాదాపు ఖాయం. చూపును వెళ్లవలసిన దారి మీద నిలిపి, స్టీరింగును జారే వైపుకు కొద్దిగా తిప్పి, థ్రాటిల్‌ను మెల్లగా అందిస్తే ముందు చక్రాలే కారును సరళరేఖలోకి లాగుతాయి. అదుపు తప్పిందని తేలిపోతే మాత్రం క్లచ్చి, బ్రేకు రెండూ పూర్తిగా తొక్కేయండి. పైకి లేచిన వెనక లోపలి చక్రాన్ని ఫొటోలో చూసి ఎవరూ కంగారుపడనవసరం లేదు, తేలిక హ్యాచ్‌బ్యాక్‌లకు అది సహజం.

మొదటి చుట్టు టైర్లను వేడెక్కించడానికి, ఆఖరి చుట్టు బ్రేకులను దాదాపు ముట్టకుండా చల్లబరచడానికి కేటాయించాలి. ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) ఆపాక హ్యాండ్‌బ్రేకు వేయకండి, వేడెక్కిన వెనక షూలు డ్రమ్ముకు అంటుకుపోవచ్చు. మొదటి గేరులో ఉంచి చక్రానికి చెక్క అడ్డం పెట్టండి. బానెట్ తెరిచి, ఆయిల్ మట్టం కొంత చల్లారాక చూడండి. పెడల్ మునుపటికన్నా లోతుకు వెళ్తున్నట్లు పాదానికి తోస్తే ఆ రోజుకు ట్రాక్ ముగిసినట్లే భావించి, బ్రేక్ ఆయిల్ మార్చించుకున్నాకే రోడ్డెక్కాలి.

తిరుగు ప్రయాణం

నేను నాలుగో సెషన్‌ను ఎప్పుడూ సగంలోనే ముగిస్తాను. అలసిన శరీరం, అరిగిన ప్యాడ్లు, వేడెక్కిన ఆయిల్ ఒకేచోట కలిసే సమయం అది. ట్రాక్ ముగిసిన రాత్రి బయలుదేరకుండా అక్కడే నిద్రపోయి, ఉదయం కారు పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టండి. వేడి మీద 36కు దించిన టైర్లలో ఇప్పుడు 29, 30 మాత్రమే ఉంటుంది, కనుక సామానుతో ప్రయాణానికి కారు పుస్తకం చెప్పిన మేరకు గాలి నింపించాలి. తర్వాత ప్యాడ్ల మందం, టైరు లోపలి అంచు, నట్ల బిగింపు, ఆయిల్, కూలెంటు మట్టాలు చూడండి. స్టెప్నీ, జాకీ కారులోకి ఎక్కాయో లేదో సరిచూసుకోండి.

ఇంటికి చేరిన వారంలోపు బ్రేక్ ఆయిల్‌ను మరోసారి బ్లీడ్ చేయించి (గాలి బుడగలు పోయేలా వదిలించి), ముందు చక్రాల బేరింగులు, ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్టుల రబ్బరు బూట్లు చూపించండి. బూటు చిట్లి గ్రీజు రిమ్ము లోపలి వైపు చిమ్మి ఉంటే వెంటనే మార్పించాలి. చెరువు గట్ల దారిలో అందులోకి ఇసుకా ఉప్పునీరూ చేరితే నెల తిరిగేసరికి జాయింటు మొత్తం పోతుంది, అప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పిన ప్రతిసారీ టకటకమని శబ్దం వినబడుతుంది.